బొగ్గు చార్ తయారీ, గ్యాసిఫికేషన్ రియాక్టివిటీ కొలత: ప్రయోగం ఎలా చేయాలి

బొగ్గు గ్యాసిఫికేషన్ (బొగ్గును మండే గ్యాస్‌గా మార్చడం) మీద ప్రాజెక్టు మొదలుపెట్టే విద్యార్థులు ఎక్కువమంది నేరుగా టీజీఏ మెషీన్ (వేడిచేస్తూ బరువు మార్పును కొలిచే పరికరం) దగ్గరికి వెళ్తారు. చార్ (బొగ్గును గాలి తగలకుండా వేడిచేస్తే మిగిలేది) ఏదో ఒక ఫర్నేస్‌లో తయారైపోతుంది, అసలు పని రియాక్టివిటీ (ఆ చార్ గ్యాస్‌తో ఎంత వేగంగా స్పందిస్తుందో) కొలవడంలోనే ఉందనుకుంటారు. నా ఉద్దేశంలో సగం ఫలితం ఆ ఫర్నేస్‌లోనే తేలిపోతుంది. ఎంత వేడి దాకా తీసుకెళ్లారు, ఎంత వేగంగా తీసుకెళ్లారు, అక్కడ ఎంతసేపు ఉంచారు అనే మూడింటిని బట్టి ఒకే గని బొగ్గు నుంచి పూర్తిగా వేరువేరు చార్‌లు వస్తాయి. అందుకే ‘ఈ బొగ్గు రియాక్టివిటీ ఇంత’ అని ఒక అంకె చెబితే దానికి అర్థం లేదు. ఆ చార్ ఎలా తయారైందో కూడా చెబితేనే ఆ అంకెకు విలువ.

మన దేశంలో ఈ విషయం ఇప్పుడు బాగా అవసరం. 2030 నాటికి 10 కోట్ల టన్నుల బొగ్గును గ్యాసిఫై చేయాలని కేంద్రం లక్ష్యం పెట్టుకుంది. బూడిద ఎక్కువగా ఉండే మన బొగ్గు నుంచి రోజుకు పావు టన్ను మిథనాల్ తీసే పైలట్ ప్లాంట్‌ను హైదరాబాద్ బీహెచ్ఈఎల్‌లో 2021లో ఫ్లూయిడైజ్డ్ బెడ్ (కింది నుంచి వచ్చే గ్యాస్ రేణువులను తేలుస్తూ ఉంచే రకం) గ్యాసిఫయర్‌తో నడిపి చూపించారు. ఇలాంటి గ్యాసిఫయర్ డిజైన్ చేసేవాళ్లకు మీ ల్యాబ్ అంకె ఉపయోగపడాలంటే మీ చార్, వాళ్ల రియాక్టర్‌లో తయారయ్యే చార్‌కు దగ్గరగా ఉండాలి. ఈ వ్యాసంలో సింగరేణి బొగ్గులాంటి నాన్ కోకింగ్ (వేడికి మెత్తబడి ముద్ద కాని) బొగ్గును ఉదాహరణగా తీసుకుంటాను.

ముందు ప్రశ్న తేల్చుకోండి

ఏ గ్యాసిఫయర్ కోసం చేస్తున్నారో మొదట రాసుకోండి. మూవింగ్ బెడ్‌లో బొగ్గు ముక్కలు పైనుంచి మెల్లగా దిగుతూ నిదానంగా వేడెక్కుతాయి. ఒడిశాలోని అంగుల్‌లో స్పాంజ్ ఐరన్ కోసం నడిపే లుర్గీ గ్యాసిఫయర్లు ఈ రకమే. ఫ్లూయిడైజ్డ్ బెడ్‌లో బొగ్గు రేణువు ఒక్కసారిగా 900 నుంచి 1050 డిగ్రీల వేడిలో పడుతుంది. ఎంట్రైన్డ్ ఫ్లో రకంలో పొడి బొగ్గు 1300 డిగ్రీలకు పైబడిన మంటలోకి సెకనుకు వేల డిగ్రీల వేగంతో వెళ్తుంది.

నిమిషానికి 10 డిగ్రీల చొప్పున వేడిచేసి తీసిన చార్ మొదటి రకానికి కొంత దగ్గరగా ఉంటుంది. దాన్ని మూడో రకానికి వాడితే తప్పుదారి పడతారు. గది వేడి నుంచి 900 డిగ్రీలకు చేరడానికి ఆ వేగంలో దాదాపు గంటన్నర పడుతుంది. ఎంట్రైన్డ్ ఫ్లోలో అదే పని సెకను కూడా పట్టదు.

శాంపిల్ తీయడం

గని నుంచి వచ్చిన బొగ్గు సంచిలో చేయి పెట్టి పిడికెడు తీసుకుంటే అది శాంపిల్ కాదు. మొత్తం పగలగొట్టి, శంకువులా కుప్ప పోసి, పైన చదును చేసి, నాలుగు భాగాలు చేయండి. ఎదురెదురు భాగాలు రెండూ కలిపి, మళ్లీ అలాగే చేస్తూ కావలసినంత మిగిలేదాకా తగ్గించండి. తర్వాత నూరి, జల్లెడ పట్టి ఒకటే సైజు వర్గాన్ని తీసుకోండి. ప్రయోగం మొత్తానికి సరిపడా బొగ్గును ఒకేసారి తయారుచేసి పెట్టుకోండి. సగంలో అయిపోయి కొత్త సంచి విప్పితే మీ పోలికలన్నీ చెడిపోతాయి.

ప్రాక్సిమేట్ అనాలిసిస్ (బొగ్గులో తేమ, బూడిద, వేడికి ఆవిరైపోయే వోలటైల్స్, మిగిలే ఫిక్స్‌డ్ కార్బన్ శాతాలు) భారతీయ ప్రమాణం ఐఎస్ 1350 పద్ధతిలో చేయించండి. ఇది తర్వాత లెక్కలకు తప్పనిసరి. ఒక ఉదాహరణ చూద్దాం. తేమ 5, బూడిద 35, వోలటైల్స్ 25, ఫిక్స్‌డ్ కార్బన్ 35 శాతం ఉన్న బొగ్గు అనుకోండి. 100 గ్రాములు పైరాలిసిస్ చేస్తే (గాలి లేకుండా వేడిచేస్తే) తేమ, వోలటైల్స్ పోయి సుమారు 70 గ్రాముల చార్ మిగులుతుంది. అందులో 35 గ్రాములు బూడిదే. అంటే మీ చేతిలో ఉన్న నల్లటి పొడిలో సగం రాయి. ఈ ఒక్క సంగతి గుర్తుపెట్టుకుంటే ముందు ముందు చాలా తప్పులు తప్పుతాయి.

ఏం మార్చాలి, ఏం మార్చకూడదు

ఒకసారికి ఒక్కటే మార్చండి. విద్యార్థుల ప్రణాళికల్లో ఎక్కువగా కనిపించే చిక్కు ఇదే. 900 డిగ్రీల చార్‌ను అరగంట, 1100 డిగ్రీల చార్‌ను గంట ఉంచితే వచ్చిన తేడా వేడి వల్లా, సమయం వల్లా అన్నది ఎవరూ చెప్పలేరు.

నేనైతే మూడు వరుసలు పెట్టుకోమంటాను. మొదటిది ఉష్ణోగ్రత వరుస: 900, 1000, 1100, 1200 డిగ్రీలు, ప్రతిదీ నిమిషానికి 10 డిగ్రీల వేగం, పైన 30 నిమిషాలు. రెండోది సమయం వరుస: 1000 డిగ్రీల దగ్గరే 5, 30, 120 నిమిషాలు. మూడోది వేగం వరుస: అదే 1000 డిగ్రీలు, అవే 30 నిమిషాలు, కానీ ఒకటి నెమ్మదిగా ఎక్కించింది, ఇంకొకటి ముందే వేడెక్కిన ఫర్నేస్ మధ్యలోకి బోట్‌ను (శాంపిల్ పెట్టే పడవలాంటి చిన్న పాత్రను) తోసింది. ప్రతి చార్‌నూ కనీసం రెండుసార్లు విడివిడిగా తయారుచేయండి. ఒకే చార్‌ను టీజీఏలో రెండుసార్లు పరీక్షిస్తే మెషీన్ నిలకడ తెలుస్తుందే తప్ప మీ తయారీ నిలకడ తెలియదు.

బోట్ తోసే పద్ధతిని ‘ఫాస్ట్ పైరాలిసిస్’ అని రాయకండి. బోట్ బరువు, పొడి మందం వల్ల అసలు వేగం మీరు అనుకున్నదానికంటే చాలా తక్కువ ఉంటుంది. పొడి మధ్యలో సన్నని థర్మోకపుల్ (వేడి కొలిచే తీగ) పెట్టి, ఎన్ని సెకన్లకు ఎన్ని డిగ్రీలు ఎక్కిందో కొలిచి ఆ అంకె రాయండి. నిజంగా సెకనుకు వేల డిగ్రీలు కావాలంటే డ్రాప్ ట్యూబ్ ఫర్నేస్ గానీ వైర్ మెష్ రియాక్టర్ గానీ ఉండాలి.

ఫర్నేస్ దగ్గర

ట్యూబ్ ఏ పదార్థమో చూసుకోండి. క్వార్ట్జ్ ట్యూబ్‌ను 1100 డిగ్రీలకు మించి ఎక్కువసేపు ఉంచితే పాలిపోయి, పగుళ్లు పడుతుంది. 1200 వరుస చేయాలంటే అల్యూమినా ట్యూబ్ వాడండి. దాన్ని నిమిషానికి 5 డిగ్రీలకు మించి ఎక్కించవద్దని కొందరు తయారీదారులు చెబుతారు. మీ ట్యూబ్‌కు ఆ పరిమితి ఉంటే నాలుగు చార్‌లకూ అదే వేగం పెట్టండి.

బోట్‌లో బొగ్గును ఒకటి రెండు గ్రాములకు మించకుండా పలచగా పరవండి. గుట్టగా పోస్తే కింది పొరల నుంచి వచ్చే తారు ఆవిరి పై పొరల గుండా వెళ్తూ విరిగి, రంధ్రాల లోపల కార్బన్ పూతలా అంటుకుంటుంది. ఈ పూత అసలు చార్ కంటే నెమ్మదిగా స్పందిస్తుంది, పైగా రంధ్రాల నోళ్లు మూసేస్తుంది. మీరు కొలిచేది బొగ్గు గుణం కాకుండా గుట్ట మందం గుణం అవుతుంది. నైట్రోజన్ ప్రవాహం కూడా అందుకే తగినంత ఉండాలి, తారు పుట్టిన వెంటనే బయటికి తోసేయాలి.

వేడి మొదలుపెట్టే ముందు కనీసం అరగంట నైట్రోజన్ పంపి గాలి మొత్తం వెళ్లగొట్టండి. లీక్ ఉందో లేదో తెలుసుకోవడానికి చార్ బరువే మంచి సాక్షి. పై ఉదాహరణలోని బొగ్గుకు 70 శాతం దగ్గర రావలసిన చార్ 62 శాతమే వస్తే ఎక్కడో గాలి చొరబడి కార్బన్‌ను తినేసిందని అర్థం. అలాంటి చార్‌లో రంధ్రాలు కూడా అబద్ధంగా పెరిగి ఉంటాయి. దాన్ని పారేసి మళ్లీ చేయండి.

ఎగ్జాస్ట్ గొట్టం ఫ్యూమ్ హుడ్‌లోకి వెళ్లాలి. మధ్యలో తారు పట్టే చల్లని ట్రాప్ పెట్టండి, లేకపోతే గొట్టం మూసుకుపోయి లోపల ప్రెజర్ పెరుగుతుంది. కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు కాబట్టి అలారం లేని గదిలో ఈ పని చేయవద్దు. చార్‌ను నైట్రోజన్‌లోనే గది వేడికి చల్లార్చండి. వేడిగా ఉన్నప్పుడు ట్యూబ్ తెరిస్తే తాజా చార్ ఆక్సిజన్‌ను పీల్చుకుని రాజుకునే ప్రమాదం ఉంది. రాజుకోకపోయినా పైపొర ఆక్సిడైజ్ అవుతుంది.

లోపల ఏం జరుగుతోంది

సుమారు 350 నుంచి 500 డిగ్రీల మధ్య బొగ్గులోని బలహీనమైన బంధాలు తెగి తారు బయటికి వస్తుంది. ఆ పైన మీథేన్, 700 దాటాక ముఖ్యంగా హైడ్రోజన్, కార్బన్ మోనాక్సైడ్ వెళ్తాయి. హైడ్రోజన్ పోయినకొద్దీ ఆరోమాటిక్ పొరలు (కార్బన్ వలయాలు అల్లుకున్న పొరలు) ఒకదానికొకటి కలిసి పెద్దవవుతాయి, ఒకదానిమీద ఒకటి సర్దుకుంటాయి. కార్బన్ డైఆక్సైడ్, ఆవిరి దాడి చేసేది ఎక్కువగా పొరల అంచుల మీద, లోపాలున్న చోట. పొర పెరిగితే అంచు వాటా తగ్గుతుంది, రియాక్టివిటీ పడిపోతుంది. దీన్నే థర్మల్ అనీలింగ్ అంటారు. ఎక్కువ వేడి దగ్గర ఈ నష్టం మొదటి నిమిషాల్లోనే వేగంగా జరిగి, తర్వాత నిదానిస్తుంది. అందుకే సమయం వరుసలో 5 నిమిషాల పాయింట్‌ను వదలొద్దని చెబుతాను. 60, 120 నిమిషాలు మాత్రమే పోలిస్తే సమయానికి ప్రభావం లేదనే తప్పు నిర్ణయానికి వస్తారు.

వేడి ఎక్కే వేగం ప్రభావం వేరు. వేగంగా ఎక్కిస్తే వోలటైల్స్ ఒక్కసారిగా, ఎక్కువగా, వేడి ఇసుకలో పడ్డ గింజ పేలినట్టు బయటికి తోసుకొస్తాయి. పెద్ద రంధ్రాలు తెరుచుకుంటాయి. పొరలు సర్దుకోవడానికి సమయం దొరకదు కాబట్టి కార్బన్ అస్తవ్యస్తంగానే మిగులుతుంది. ఒకే ఆఖరి ఉష్ణోగ్రతకు వేగంగా చేసిన చార్ సాధారణంగా ఎక్కువ చురుగ్గా ఉండేది ఇందుకే. అయితే తర్వాత ఆ చార్‌ను అదే వేడిలో గంటలకొద్దీ ఉంచితే ఈ లాభం చాలావరకు పోతుంది.

ప్రెజర్ గురించి క్లుప్తంగా. ప్రెజర్ పెరిగితే తారు బయటపడటం కష్టమై, కొంత లోపలే గట్టిపడుతుంది, చార్ దిగుబడి పెరుగుతుంది. మెత్తబడే గుణమున్న బొగ్గు రేణువులు ఒక స్థాయి ప్రెజర్ దాకా ఎక్కువగా ఉబ్బి, బుడగల్లాంటి పలచ గోడల చార్‌గా మారతాయి, ఆ పైన ఉబ్బు తగ్గుతుంది. సింగరేణి రకం నాన్ కోకింగ్ బొగ్గులో ఇనర్టినైట్ (వేడికి మెత్తబడని భాగం) ఎక్కువ కాబట్టి ఈ ఉబ్బు అంతగా కనిపించదు. బోట్‌లోంచి తీసినప్పుడు పొడి పొడిగానే వస్తుంది. ఝరియా కోకింగ్ బొగ్గు అయితే ముద్దగా అతుక్కుని వస్తుంది, దాన్ని మళ్లీ నూరాలి.

నిర్మాణం కొలవడం

ఎక్స్‌రే డిఫ్రాక్షన్‌లో చూడవలసింది 25 డిగ్రీల (ఇది కోణం, వేడి కాదు) చుట్టుపక్కల వెడల్పుగా కనిపించే 002 పీక్, అంటే కార్బన్ పొరల పేర్పు వల్ల వచ్చే శిఖరం. అది కుడివైపుకు జరిగి, సన్నబడితే పొరలు దగ్గరవుతున్నాయని, పేర్పు ఎత్తు పెరుగుతోందని అర్థం. పరిపూర్ణ గ్రాఫైట్‌లో పొరల దూరం 0.3354 నానోమీటర్లు, చార్‌లు దానికంటే ఎప్పుడూ ఎక్కువ దూరంలో ఉంటాయి.

మన బొగ్గుతో అసలు కష్టం ఇక్కడే వస్తుంది. రాగి నుంచి ఎక్స్‌రేలు పుట్టించే మెషీన్‌లో క్వార్ట్జ్ అతి పెద్ద పీక్ 26.6 డిగ్రీల దగ్గర పడుతుంది. అంటే కార్బన్ పీక్ భుజం మీదే ఒక మేకులా నిలబడుతుంది. బూడిద సగం ఉన్న చార్‌ను అలాగే స్కాన్ చేసి, సాఫ్ట్‌వేర్‌తో పీక్ వెడల్పు తీస్తే వచ్చే అంకె కార్బన్‌ది కాదు, ఇసుకది. కాబట్టి ఈ కొలత కోసం చార్‌ను హైడ్రోక్లోరిక్, హైడ్రోఫ్లోరిక్ యాసిడ్లతో కడిగి బూడిద తీసేయాలి. కడగడం పైరాలిసిస్ తర్వాత చేయండి. ముందే కడిగితే బొగ్గులోని ఖనిజాలే కాకుండా కార్బన్‌కు అంటుకుని ఉన్న కాల్షియం, సోడియం కూడా పోయి, పైరాలిసిస్ నడిచే తీరే మారిపోతుంది.

హైడ్రోఫ్లోరిక్ యాసిడ్‌ను గాజు పాత్రల్లో పోయకూడదు, ప్లాస్టిక్ పాత్రలే వాడాలి. చర్మం మీద పడినప్పుడు మొదట నొప్పి కూడా తెలియకపోవచ్చు, లోపలికి దిగి ఎముక దాకా వెళ్తుంది, ప్రాణం మీదికి తెస్తుంది. కాల్షియం గ్లూకోనేట్ జెల్ చేతికందే దూరంలో లేకుండా, శిక్షణ ఉన్నవాళ్లు పక్కన లేకుండా సీసా మూత తీయవద్దు. ఆ సౌకర్యం లేకపోతే బొగ్గును బరువైన ద్రవంలో తేల్చి, బూడిద తక్కువ ఉన్న భాగంతో పని చేయవచ్చు. కానీ తేలిన భాగంలో విట్రినైట్ (బొగ్గులోని మెరిసే భాగం) వాటా పెరుగుతుందని, అది మొత్తం బొగ్గుకు ప్రతినిధి కాదని గుర్తుంచుకోండి. జింక్ క్లోరైడ్ ద్రావణం వాడితే ఒక్క చుక్క మిగలకుండా కడగాలి, ఎందుకంటే అది యాక్టివేటెడ్ కార్బన్ తయారీలో రంధ్రాలు పుట్టించడానికి వాడే రసాయనమే.

ఉపరితల వైశాల్యానికి నైట్రోజన్ పద్ధతి ఒక్కటే చాలదు. ఆ కొలత చేసే మైనస్ 196 డిగ్రీల చలిలో నైట్రోజన్ అణువులు అతి సన్నని రంధ్రాల్లోకి సులువుగా పోలేవు, అంకె చాలా తక్కువ వస్తుంది. 0 డిగ్రీల దగ్గర కార్బన్ డైఆక్సైడ్‌తో కూడా కొలవండి. రెండింటి మధ్య తేడానే సన్నని రంధ్రాల గురించి చెబుతుంది. రామన్ (లేజర్ కాంతితో చేసే పరీక్ష) చేస్తే డి (అస్తవ్యస్త కార్బన్‌ది), జి (గ్రాఫైట్ లాంటి కార్బన్‌ది) బ్యాండ్ల నిష్పత్తిని జాగ్రత్తగా చదవండి. బాగా అస్తవ్యస్తంగా ఉన్న చార్‌లో పొరలు పెరిగేటప్పుడు డి బ్యాండ్ మొదట పెరగవచ్చు, గ్రాఫైట్‌కు చెప్పే సూత్రం ఇక్కడ తిరగబడుతుంది.

టీజీఏలో రియాక్టివిటీ

ఒక నియమం గట్టిగా పాటించండి: గ్యాసిఫికేషన్ ఉష్ణోగ్రత, చార్ తయారైన ఉష్ణోగ్రతను దాటకూడదు. 700 డిగ్రీల చార్‌ను 900 దగ్గర పరీక్షిస్తే, అక్కడికి చేరేలోపే అది 900 డిగ్రీల చార్ అయిపోతుంది. మన వరుసలో అతి తక్కువ 900 కాబట్టి 820, 840, 860, 880 డిగ్రీల దగ్గర కార్బన్ డైఆక్సైడ్‌తో కొలవడం క్షేమం. 1200 డిగ్రీల చార్‌కు కింది ఉష్ణోగ్రతల దగ్గర చాలా గంటలు పట్టవచ్చు, మెషీన్ బుకింగ్ ముందే ఎక్కువ తీసుకోండి.

వెడల్పాటి, లోతు తక్కువ పాన్‌లో 10 మిల్లీగ్రాముల చార్‌ను పలచగా పరవండి. నైట్రోజన్‌లో కావలసిన వేడికి తీసుకెళ్లి, 10 నిమిషాలు నిలకడగా ఉంచి, అప్పుడు కార్బన్ డైఆక్సైడ్‌కు మార్చండి. గ్యాస్ మార్చిన క్షణంలో బరువు రేఖ చిన్నగా గెంతుతుంది. కార్బన్ డైఆక్సైడ్ నైట్రోజన్ కంటే ఒకటిన్నర రెట్లు పైగా సాంద్రమైనది, పాన్‌ను పైకి తేల్చే బలం మారుతుంది. దాన్ని రియాక్షన్ అనుకోవద్దు. ప్రతి ఉష్ణోగ్రత దగ్గర ఖాళీ పాన్‌తో అదే ప్రోగ్రాం నడిపి, ఆ రేఖను తీసేయండి. రియాక్షన్ ఆగాక ఆక్సిజన్ పంపి మిగిలిన కార్బన్ కాల్చేస్తే అసలు బూడిద బరువు అక్కడికక్కడే తెలుస్తుంది.

కన్వర్షన్ (కార్బన్‌లో ఎంత భాగం గ్యాస్ అయిందో) లెక్క బూడిద తీసేసి చేయాలి. మొదట 10 మిల్లీగ్రాములు, బూడిద 5, ఒక సమయంలో బరువు 7.5 ఉందనుకోండి. పోయినది 2.5, పోవలసిన కార్బన్ 5. కన్వర్షన్ 0.5. బూడిద మరచిపోతే 0.25 అని వస్తుంది. సగం కన్వర్షన్‌కు పట్టిన సమయంతో 0.5ను భాగిస్తే రియాక్టివిటీ ఇండెక్స్ వస్తుంది. 20 నిమిషాలు పడితే నిమిషానికి 0.025.

ఈ అంకె నిజంగా కార్బన్ రసాయన వేగమా, లేక గ్యాస్ లోపలికి చేరే వేగమా అన్నది రుజువు చేయాలి. శాంపిల్ బరువు సగం చేయండి, రేణువు సైజు తగ్గించండి, ప్రవాహం పెంచండి. మూడింటిలో దేనికైనా వేగం మారితే మీరింకా డిఫ్యూజన్ ప్రభావంలో ఉన్నారు. నాలుగు ఉష్ణోగ్రతల నుంచి వచ్చే యాక్టివేషన్ ఎనర్జీ (రియాక్షన్ జరగడానికి దాటాల్సిన శక్తి) కూడా చెబుతుంది. కార్బన్ డైఆక్సైడ్ రియాక్షన్‌కు ఇది సాధారణంగా మోల్‌కు 200 నుంచి 250 కిలోజౌల్స్. అందులో సగం దగ్గర వస్తే సెటప్‌ను మళ్లీ చూడండి.

వేగం రేఖ మొదట పెరిగి తర్వాత తగ్గితే రంధ్రాలు వెడల్పవుతూ, కలిసిపోతూ ఉన్నాయని అర్థం. భాటియా, పెర్ల్‌మటర్ 1980లో ఇచ్చిన రాండమ్ పోర్ మోడల్ దీనికి వాడతారు. ఆ మోడల్‌లో శిఖరం 0.393 కన్వర్షన్ దాటి రాదు. మీ డేటాలో శిఖరం 0.6 దగ్గర ఉంటే మోడల్‌ను బలవంతంగా అతికించవద్దు. చివర్లో కాల్షియం, పొటాషియం గాఢత పెరిగి వేగం హెచ్చుతోందేమో చూడండి.

ఫలితాలను విడదీయడం

చార్ తయారీ వేడి పెరిగితే రియాక్టివిటీ తగ్గడం దాదాపు ఖాయంగా కనిపిస్తుంది. ఎందుకు తగ్గిందో చెప్పడంలోనే మీ పని విలువ ఉంది. కారణాలు కనీసం మూడు కలిసి ఉంటాయి: పొరలు సర్దుకోవడం, వైశాల్యం తగ్గడం, ఖనిజాల ఉత్ప్రేరక శక్తి పోవడం. సన్నగా పరుచుకుని ఉన్న కాల్షియం ఎక్కువ వేడిలో ఉండలుగా గట్టిపడుతుంది, సోడియం, పొటాషియం మట్టి ఖనిజాలతో కలిసి నిర్వీర్యమవుతాయి.

విడదీసే దారి ఇది. ప్రతి చార్‌నూ కడగనిది, కడిగినది రెండూ పరీక్షించండి. కడిగిన చార్‌లలో కూడా అదే తగ్గుదల ఉంటే అది కార్బన్ నిర్మాణం వల్ల. కడిగినవన్నీ దగ్గర దగ్గరగా ఉండి, కడగనివాటిలోనే తేడా ఉంటే ఖనిజాలే కారణం. వేగాన్ని కార్బన్ డైఆక్సైడ్ వైశాల్యంతో భాగించి చూడండి. భాగించాక కూడా తేడా మిగిలితే వైశాల్యం ఒక్కటే కారణం కాదు, ఒక్కో చదరపు మీటరు మీద చురుకైన స్థలాలే తగ్గాయి.

ఇంకో పరీక్ష తప్పకుండా చేయండి. కొంత బొగ్గును టీజీఏలోనే పైరాలిసిస్ చేసి, చల్లార్చకుండా అక్కడే కార్బన్ డైఆక్సైడ్‌కు మార్చి కొలవండి. బయట తయారుచేసి, చల్లార్చి, మళ్లీ వేడిచేసిన చార్ సాధారణంగా దీనికంటే తక్కువ చురుగ్గా ఉంటుంది. నిజమైన గ్యాసిఫయర్‌లో చార్ చల్లారదు కాబట్టి ఈ తేడా ఎంతో చెప్పడం డిజైన్ చేసేవాళ్లకు చాలా అవసరం.

చార్‌లను నైట్రోజన్ నింపి మూత బిగించిన సీసాల్లో దాచండి. సీసా మీద ‘చార్ 3’ అని కాకుండా గని, గ్రేడ్, సైజు, గ్యాస్, వేగం, ఆఖరి ఉష్ణోగ్రత, ఉంచిన సమయం, చార్ దిగుబడి శాతం, తయారుచేసిన తేదీ రాయండి. థీసిస్‌లో రియాక్టివిటీ పట్టికలో కూడా ఇవే కాలమ్‌లు, ఇదే వరుసలో పెట్టండి.